హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: నీళ్ల ఛార్జీ నెలనెలా పెరుగుతుంటే ముందు ఏం చూడాలి?

చిక్కడపల్లి_రెండో_అంతస్తు
ఐదు పోర్షన్ల ఇల్లు, ఒకటే నల్లా కనెక్షన్. నీళ్ల ఛార్జీ అద్దెకు అదనం. ఎండలు మొదలయ్యాక ఓనర్ చెప్పే అంకె పెరుగుతూనే ఉంది. అడిగితే "ట్యాంకర్లు కూడా కలిపాను" అంటున్నారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

క్యాన్_చూశారా
బోర్డు (జలమండలి) బిల్లు, ట్యాంకర్ ఖర్చు ముందు విడదీయించండి. రెండూ కలిపి చెప్పినంత కాలం ఏదీ తేలదు. బిల్లు మీద క్యాన్ నంబర్ (నల్లా కనెక్షన్ ఖాతా నంబర్) ఉంటుంది, దాంతో జలమండలి వెబ్‌సైట్లో మీరే చూసుకోవచ్చు. పాత బకాయి ఉంటే, అది మీరు దిగకముందుదైతే ఓనర్ కట్టాల్సిందే.

తర్వాత రాయితీ. 2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇళ్లకు నెలకు 20 కిలోలీటర్లు (20 వేల లీటర్లు) ఉచితం. అయితే క్యాన్‌కు ఆధార్ లింక్ చేసి ఉండాలి, మీటర్ పనిచేస్తూ ఉండాలి. చాలా ఇళ్లలో ఓనర్ వేరే ఊళ్లో ఉండి ఈ రెండూ పట్టించుకోరు, భారం అద్దెకున్నవాళ్ల మీద పడుతుంది.

వాడకం ఎక్కువో కాదో తెలియడానికి మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క వేయండి, అంటే నెలకు సుమారు 4 కిలోలీటర్లు. పదహారు మంది ఉన్న ఇంటికి 65 దాకా మామూలే. 90 దాటితే నీళ్లు ఎక్కడో పోతున్నాయి.

పానా_12
లీకేజీ చూడమంటే అందరూ "నల్లాలన్నీ కట్టేసి మీటర్ చూడండి" అంటారు. మన దగ్గర అది పనికిరాదు. మీటర్ సంపుకి ముందు ఉంటుంది, నీళ్లు వదిలిన ఆ గంటా గంటన్నరే తిరుగుతుంది. పైన మీ ఫ్లష్ ట్యాంకు కారుతున్నా మీటర్‌కి ఆ క్షణంలో తెలియదు. కాబట్టి మూడు చోట్ల విడివిడిగా చూడాలి.

సంపు: రాత్రి మోటర్ ఆపాక నీటి మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టి, పొద్దున మోటర్ వేయకముందే చూడండి. ఆ రాత్రి నల్లా నీళ్లు రాని రోజు ఎంచుకోండి. 5×6 అడుగుల సంపులో ఒక్క అంగుళం తగ్గితే 70 లీటర్లు పోయినట్టు.

పై ట్యాంకు: కిందికి దిగే గేట్ వాల్వ్‌లన్నీ కట్టేసి అదే పరీక్ష. ఓవర్‌ఫ్లో పైపు కింద పాచి పట్టి ఉంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. మోటర్ ఆపడం మరిచిపోతున్నారు.

ఫ్లష్ ట్యాంకు: అసలు దొంగ ఇదే. ట్యాంకులో ఉజాలా నాలుగు చుక్కలు వేసి అరగంట ఫ్లష్ చేయకండి. కమోడ్‌లో నీలం దిగితే వాషర్ పోయింది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని అది సరిగ్గా కూర్చోదు. యాంగిల్ కాక్ (ఫ్లష్ ట్యాంకుకి నీళ్లిచ్చే చిన్న కుళాయి) కట్టేసి, వాషర్ తీసి, వెనిగర్‌లో నానబెట్టి రుద్దండి. అంచు గట్టిపడి ఉంటే మాత్రం మార్చడమే. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పోతుంటే వాషర్ తప్పు కాదు, ఫ్లోట్ కిందికి దించి మట్టం గొట్టం అంచుకి అంగుళం కిందుండేలా పెట్టండి.

చిక్కడపల్లి_రెండో_అంతస్తు
థ్యాంక్స్ అన్నా. ఈ రిపేర్ల ఖర్చు ఎవరిది?

పానా_12
వాషర్, నల్లా స్పిండిల్ లాంటి చిల్లరవి అద్దెకున్నవాళ్లే వేయించుకోవడం అలవాటు. గోడలోపలి పైపు, సంపు పగులు, పై ట్యాంకు వాల్వ్ ఓనర్‌వి. బాగు చేయించే ముందు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, నోటిమాట వద్దు.

అసోసియేషన్_లెక్కలు
ట్యాంకర్ సంగతి ఎవరూ చెప్పలేదు. "5 వేల లీటర్లు" అని రాసినంత మాత్రాన అన్నీ దిగినట్టు కాదు. మోటర్ ఆపించి, దింపకముందు, దింపాక సంపులో కర్రతో కొలవండి. 6×8 అడుగుల సంపులో 5 వేల లీటర్లకు మట్టం దాదాపు 44 అంగుళాలు పెరగాలి. 36 మాత్రమే పెరిగితే తొమ్మిది వందల లీటర్లు తక్కువ. అంత ఖాళీ లేని సంపైతే కొలత కుదరదు, పొంగి పోయేదానికి కూడా మీరే డబ్బు కడుతున్నారు.

పంపకం పోర్షన్ల వారీగా కాక మనుషుల వారీగా అడగండి. 2,400 బిల్లు, 16 మంది అంటే తలకి 150. ఇద్దరున్న పోర్షన్ 300 కడుతుంది, పోర్షన్ల లెక్కన అయితే 480 కట్టాలి.

బ్యాచిలర్_రూమ్
మా ఫ్లాటుకి విడిగా మీటర్ పెట్టించమని ఓనర్‌ని అడగొచ్చా?

పానా_12
అడగొచ్చు, కానీ ముందు షాఫ్టులో (పైపులు దిగే సందులో) పైపులు లెక్కపెట్టండి. చాలా బిల్డింగుల్లో ఒక్కో బాత్రూమ్‌కి, వంటింటికి పై నుంచి వేరే లైన్ దిగుతుంది. అలా మూడు లైన్లుంటే మూడు మీటర్లు కావాలి. ఒక్కటే పెడితే అది పెట్టిన లైన్ నీళ్లే కొలుస్తుంది. పై ట్యాంకుకి దగ్గరగా ఉండే చివరి అంతస్తుల్లో ప్రెషర్ తక్కువ, అక్కడ సన్నటి చుక్కల లీకేజీని మామూలు మీటర్ నమోదు చేయదు.

క్యాన్_చూశారా
కొత్తగా దిగేవాళ్లు తాళంచెవి తీసుకునే రోజే మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి పంపండి. అగ్రిమెంట్‌లో "నీటి ఛార్జీలు అదనం" అని వదిలేయకుండా బోర్డు బిల్లు, ట్యాంకర్, మోటర్ కరెంటు ఏది ఎవరిదో విడిగా రాయించండి. మీటర్ తిరగకపోతే విప్పి చూడొద్దు, 155313కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకుని ఓనర్‌కి ఇవ్వండి.