300–600 గజాల టార్గెట్ షూటింగ్‌కి ఏ కార్ట్రిడ్జ్ (తూటా రకం)?

వలయం10: బోల్ట్ యాక్షన్ రైఫిల్, బోర్లా పడుకుని బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద, కాగితం టార్గెట్. .223, .308, 6.5 క్రీడ్‌మోర్, 6 బీఆర్, ఈ నాలుగింట్లో ఏది మేలు? రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) ఇంకా మొదలుపెట్టలేదు.

గాలిజెండా: ముందు పోటీల్లో ఏ క్లాసులో ఆడతారో తేల్చుకోండి. ఎఫ్-టీఆర్ అనే పోటీ విభాగంలో .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్ తప్ప మరొకటి ఒప్పుకోరు. 6.5 కొంటే ఎఫ్-ఓపెన్ అనే మరో విభాగానికే వెళ్లాలి.

ఆ అడ్డు లేకపోతే తేల్చేది గాలే. దూరం ముందే తెలుసు కాబట్టి బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో స్కోప్ క్లిక్కులతో సర్దుకోవచ్చు. గాలిని మాత్రం ప్రతి షాట్‌కీ కొత్తగా చదవాలి. 600 గజాల్లో, గంటకు 10 మైళ్ల అడ్డగాలికి, సెకనుకు 2600 అడుగుల వేగంతో బయల్దేరిన .308 175 గ్రెయిన్ల (గ్రెయిన్ బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సుమారు 32 అంగుళాలు పక్కకి పోతుంది. 2700 అడుగులతో వెళ్లే 6.5 140 గ్రెయిన్లది 24 దగ్గర ఉంటుంది. .223 77 గ్రెయిన్లదైతే 40 దాటుతుంది.

తూటాపెట్టె: అలాగని .223ని తీసిపారేయకండి. రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) తక్కువ, షాట్ పేలాక కూడా టార్గెట్ స్కోప్‌లోంచి జారిపోదు. గాలి చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గురువు లేదు. కాకపోతే ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే, బారెల్ లోపలి గాడుల మెలిక) చూసి కొనండి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బారెల్ 55 గ్రెయిన్ల దాకానే పనికొస్తుంది, 77కి 8 అంగుళాలది కావాలి. ట్విస్ట్ చాలకపోతే బుల్లెట్ పల్టీలు కొడుతుంది, కాగితం మీద చిల్లు గుండ్రంగా కాక కోలగా పడుతుంది. 80 గ్రెయిన్ల తూటా మామూలు మ్యాగజైన్‌లో పట్టదు, ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి.

బారెల్‌బ్రష్: 6 బీఆర్ చాలా నిలకడైనది, గాలిలో 6.5కి దాదాపు సమానం. కానీ కేసు (తూటా తొడుగు) పొట్టిది, 1.56 అంగుళాలే, అందుకే మ్యాగజైన్‌లోంచి చాంబర్‌లోకి ఎక్కేటప్పుడు మొండికేస్తుంది. ఫ్యాక్టరీ తూటాల్లో రకాలూ తక్కువ. రీలోడింగ్ లేకుండా వద్దండి.

బారెల్ ఆయుష్షు కూడా లెక్కలోకి తీసుకోండి. .308 బారెల్ 5000 షాట్లు దాటినా పనిచేస్తుంది. 6.5లో 2500–3000కే థ్రోట్ (బారెల్‌లో గాడులు మొదలయ్యే చోటు) అరిగి గ్రూపు (కాగితం మీద చిల్లుల గుంపు) విచ్చుకోవడం మొదలవుతుంది. వేడెక్కిన బారెల్‌తో ఆపకుండా కాలిస్తే ఇంకా ముందే.

వలయం10: ఎఫ్-టీఆర్ ఆలోచన లేదు. 6.5 అనుకుంటే తూటాల్లో ఏం చూడాలి?

గాలిజెండా: 140 లేదా 147 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, 8 ట్విస్ట్ బారెల్. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి, 100 గజాల్లో 10 షాట్ల గ్రూపులు పోల్చండి. మూడు షాట్ల గ్రూపు చూసి మోసపోవద్దు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) కూడా పెట్టండి: షాట్‌కీ షాట్‌కీ వేగంలో 50 అడుగుల తేడా ఉంటే 600 గజాల్లో నిలువుగా సుమారు 4 అంగుళాలు చెదురుతుంది, అది 100 గజాల కాగితం మీద కనిపించదు.

తూటాపెట్టె: కుదిరిన రకం అదే లాట్ నంబరుతో ఎక్కువ పెట్టెలు తీసుకోండి. లాట్ మారితే జీరో (స్కోప్ గురి, బుల్లెట్ పడే చోటు కలిసేలా చేసిన సర్దుబాటు) మళ్లీ చూసుకోవాలి.