టీనేజ్ సినిమా: రిలీజ్‌కి ముందు ప్రేక్షకుల అసలు అభిప్రాయం రాబట్టడం ఎలా?

రఫ్‌కట్_రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఇంటర్ చదివే నలుగురు స్నేహితుల కథతో తీసిన సినిమా ఎడిటింగ్ చివర్లో ఉంది. ప్రస్తుతం నిడివి 2 గంటల 24 నిమిషాలు. నటులంతా కొత్తవాళ్లే కాబట్టి మౌత్ టాక్ మీదే బండి నడవాలి. తెలిసినవాళ్లకి వేసి చూపిస్తే "బాగుంది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్" అన్న మాట తప్ప ఇంకేమీ రావడం లేదు. ఎక్కడ ల్యాగ్ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు. చివర్లో అబ్బాయి, అమ్మాయి విడిపోతారు. కొందరు కలిపేయమంటున్నారు, కొందరు ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు.

ఎవరికి చూపించాలి, ఎంతమందికి, ఏం అడగాలి, వచ్చిన జవాబుల్లో దేన్ని నమ్మాలి? సెన్సార్‌కి ముందు చూపించాలా, తర్వాతా? ఈ పని చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కటింగ్‌టేబుల్

ముందు తెలిసినవాళ్లకి చూపించడం ఆపేయండి. డైరెక్టర్ ఎదురుగా నిలబడితే ఎవరూ బాగాలేదనరు. యూనిట్ వాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, షార్ట్ ఫిల్మ్‌లు తీసే మిత్రులు, వీళ్లెవరూ వద్దు.

షోకి 45 నుంచి 50 మంది చాలు. పది పన్నెండు మందే ఉంటే పక్కవాళ్ల ముందు నవ్వడానికి మొహమాటపడతారు, మంచి కామెడీ సీను కూడా చప్పగా పోతుంది. గుంపులు మూడు చేయండి: 15-17 ఏళ్ల పిల్లలు, 18-23 వాళ్లు, ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులు. మూడు గుంపులకీ ఒకే కట్ (ఎడిట్ చేసిన ఒకే వెర్షన్) చూపించండి, కానీ వేర్వేరు షోలలో. పిల్లల్ని, పెద్దల్ని ఒకే హాల్లో కూర్చోబెట్టారంటే మొదటి ముద్దు సీనుకే పిల్లలు బిగుసుకుపోతారు. ఆ తర్వాత అరగంట దాకా దేనికీ నవ్వరు. మీరేమో జోకులు పేలలేదనుకుని మంచి సీన్లు లేపేస్తారు. ఒకే గ్యాంగ్ నుంచి ముగ్గురికి మించి పిలవొద్దు, పిలిచినా పక్కపక్కన కూర్చోనివ్వొద్దు. ఒకడు వెటకారం మొదలుపెడితే ఆ వరుస మొత్తం అటే పోతుంది.

ఫారం ఒకే పేజీ, తెలుగులో, కాగితం మీద ఉండాలి. సినిమా అయిన వెంటనే, ఎవరూ లేచి మాట్లాడుకోకముందే పంచాలి. ఫోన్‌లో ఫారం పెట్టొద్దు. ఫోన్ చేతిలోకి రాగానే వాట్సాప్ తెరుస్తారు, పక్కవాళ్లు రాసింది చూసి రాస్తారు. పేరు, నంబర్ అడగొద్దు. వయసు, ఆడా మగా, ఏ ఊరు అన్నవి చాలు.

అడగాల్సినవి ఇవి. సినిమా ఎలా ఉంది: అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు. ఫ్రెండ్స్‌కి చూడమని చెప్తారా: తప్పకుండా, చెప్తానేమో, చెప్పను. ఫోన్ తీయాలనిపించింది ఏ సీన్లో? అర్థం కానిదేమైనా ఉందా? ఎక్కువ నచ్చిన పాత్ర ఎవరు, చిరాకు తెప్పించిన పాత్ర ఎవరు? ఈ కథ దేని గురించో ఫ్రెండ్‌కి ఒక్క వాక్యంలో చెప్పండి. ఈ చివరి ప్రశ్న వదలొద్దు. 50 మందిలో ముప్పై మంది "లవ్ ఫెయిల్యూర్ సినిమా" అని రాస్తే మీరు తీశాననుకున్న స్నేహం కథ తెర మీదకి రాలేదన్నమాట.

పది మార్కులకి ఎన్నిస్తారు అని అడగకండి, అందరూ ఏడో ఎనిమిదో వేసి లేచిపోతారు. "బాగుంది" అన్న గడిని కూడా మెప్పు కింద లెక్కేయొద్దు. ఊరికే చూపించిన సినిమాకి మర్యాద కోసం అనే మాట అది. "అద్భుతం", "చాలా బాగుంది" అన్న పై రెండు గడులూ, "తప్పకుండా చెప్తా" అన్నవాళ్లూ, ఇవే లెక్క. 1978లో మొదలైన నేషనల్ రీసెర్చ్ గ్రూప్ అనే ప్రేక్షకుల సర్వే సంస్థ హాలీవుడ్‌లో అలవాటు చేసిన పద్ధతి కూడా ఇదే.

సింక్‌సౌండ్_శ్రీకాకుళం

ఫారాలతో పాటు హాలు చప్పుడు కూడా రికార్డ్ చేయండి. తెర కింద జనం వైపు ఒక రికార్డర్, వెనక వరుస దగ్గర ఇంకోటి. మొదటి ఫ్రేముకి ముందు ఒక బీప్, ఇంటర్వెల్ తర్వాత మళ్లీ ఒక బీప్ పెట్టుకోండి. తర్వాత ఆ బీప్‌ని పట్టుకుని రికార్డింగ్‌ని మీ టైమ్‌లైన్‌లో కొత్త ట్రాక్‌గా సింక్ చేస్తే, ఏ డైలాగ్‌కి ఎంతసేపు నవ్వారో వేవ్‌ఫామ్‌లోనే కనిపిస్తుంది. నవ్వు రెండు సెకన్లు ఉండి, తర్వాతి డైలాగ్ అర సెకనుకే వస్తోందనుకోండి, ఆ డైలాగ్ ఎవరికీ వినపడదు. మధ్యలో 30, 36 ఫ్రేముల రియాక్షన్ షాట్ వేసి చూడండి. విసుగు కూడా వినపడుతుంది. దగ్గులు, కుర్చీల కిర్రు, గుసగుసలు ఒకేచోట మొదలైతే అక్కడ గుర్తు పెట్టుకోండి.

రికార్డ్ చేస్తున్నామని ముందే చెప్పాలి. 18 నిండనివాళ్ల షోలో వీడియో వద్దు, తల్లిదండ్రుల సంతకంతో ఆడియో ఒక్కటే.

టెంప్ మ్యూజిక్, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా వేసుకునే మ్యూజిక్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. హిట్ సినిమా బీజీఎం వేసి చూపిస్తే జనం ఆ పాత సినిమాని గుర్తు తెచ్చుకుని కదిలిపోతారు. మీ ఆర్‌ఆర్ (సొంత నేపథ్య సంగీతం) పడ్డాక అదే సీను నీరసంగా ఉంటుంది. మీ సంగీత దర్శకుడితోనే కీబోర్డ్ మీద కచ్చా ట్రాక్ చేయించండి. డైలాగ్ ప్రీమిక్స్ (మాటల్ని శుభ్రం చేసి లెవెల్స్ సరిచేయడం) కూడా కాకుండా చూపించొద్దు. మాట స్పష్టంగా లేకపోతే ఫారంలో "కథ అర్థం కాలేదు" అని రాస్తారు, మీరు లేని తప్పు కోసం స్క్రీన్‌ప్లేలో వెతుక్కుంటారు. ప్రివ్యూ థియేటర్లో ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) 7 దగ్గర ఉందో లేదో షోకి ముందు చూసుకోండి. రిఫరెన్స్ లెవెల్ అదే, ఎవరో తగ్గించి వెళ్లిపోయి ఉంటారు.

బైపీసీ_బ్యాచ్

ఈ వయసు పిల్లలతో రోజూ పని చేసే వైపు నుంచి చెప్తున్నాను. 15-17 వాళ్లు కథని క్షమిస్తారు గానీ తప్పుడు వివరాన్ని క్షమించరు. వాళ్ల ప్రపంచంలో ఒక్కటి తేడా కొట్టినా "వీళ్లకి మా గురించి తెలీదు" అని మనసు మూసేసుకుంటారు. అప్పుడు ఫారంలో రాసేది "ఓవర్‌గా ఉంది", "క్రింజ్" అని మాత్రమే. అసలు కారణం రాయరు.

మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోంది? 2012 నుంచి కొన్నేళ్లపాటు పదో తరగతి ఫలితాలు మార్కుల్లో కాకుండా జీపీఏలో, అంటే పదికి ఇన్ని గ్రేడ్ పాయింట్లు అని వచ్చేవి. 2015లో జరిగే సీన్లో తండ్రి "ఐదొందల నలభై వచ్చాయి మా వాడికి" అంటే అప్పుడు టెన్త్ రాసినవాళ్లంతా నవ్వుతారు. "పదికి పది" అనాలి. ఆ ఏళ్లలో ఎంసెట్ అన్నది ఆంధ్రాలో 2021 నుంచి ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో 2024 నుంచి. రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగే కుర్రాడు, స్టడీ అవర్‌లో టెర్రస్ మీద పాట, ఇలాంటివి షోకి ముందే ఇద్దరు ముగ్గురు ఇంటర్ పిల్లలతో చదివించి సరిచూసుకోండి. యాస కూడా అంతే. నలుగురూ ఒకే ఊరివాళ్లై, ఒకడు కరీంనగర్, ఇంకొకడు భీమవరం మాట్లాడితే పట్టేస్తారు.

సినిమా తర్వాత పది, పన్నెండు మందిని కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడించండి. అడిగేది మీ యూనిట్ మనిషి కాకూడదు. "ఎలా ఉంది" అని మొదలుపెట్టొద్దు. "మీ క్లాసులో ఇలా ఎవరూ చేయరు అనిపించింది ఎక్కడ?" అని అడగండి, అప్పుడు నోళ్లు తెరుచుకుంటాయి. మొదట గట్టిగా మాట్లాడే పిల్లవాడి అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది కాబట్టి చేతులెత్తించి లెక్కపెట్టడం మేలు.

తల్లిదండ్రుల ఫారంలో ఒక్క ప్రశ్న అదనంగా వేయండి: "మీ అబ్బాయితోనో, అమ్మాయితోనో కలిసి చూస్తారా?" వాళ్లకి సినిమా నచ్చి కూడా ఇక్కడ "లేదు" అన్నారంటే ఫ్యామిలీ టికెట్లు పోయినట్టే. సాధారణంగా ఒకటి రెండు మాటలో, ఒక సీనో అడ్డం ఉంటుంది. అదేంటో రాయించుకోండి.

రఫ్‌కట్_రాజమండ్రి

చాలా థ్యాంక్స్ అండి. మా కథ 2016 నాటిది, ఫలితాల సీన్లో మార్కులే చెప్పించాం! డబ్బింగ్‌లో మారుస్తాం. మరి ఈ "సెకండాఫ్ ల్యాగ్" సంగతేంటి? ఫారాల్లో కూడా అదే రాస్తే ఏం చేయాలి?

కటింగ్‌టేబుల్

తప్పకుండా అదే రాస్తారు. ప్రేక్షకుడు ఎక్కడ ఇబ్బంది పడ్డాడో చెప్తే నమ్మండి. ఎందుకో చెప్తే అనుమానించండి. ఎలా బాగుచేయాలో చెప్తే విని పక్కన పెట్టండి.

"ల్యాగ్" అంటే సీను పొడవని కాదు. టీనేజ్ కథల్లో నేను చూసేవి మూడు. ఒకటి, ఇంటర్వెల్ దగ్గర గొడవో, సస్పెన్షనో పెట్టి బ్యాంగ్ ఇస్తారు. ఆ తర్వాత ఆ కుర్రాడికి ఏం కావాలన్నది ఎవరికీ తెలీదు. 15 నిమిషాలు అతను బాధపడుతూ తిరుగుతుంటాడు. ఆ సీన్లు ఎంత ట్రిమ్ చేసినా ల్యాగే. ఇంటర్వెల్ తర్వాత రెండు మూడు సీన్లలోపు "ఇప్పుడు వీడు ఫలానాది సాధించాలి" అన్నది తెర మీద పడాలి.

రెండు, ఒకే భావం మళ్లీ మళ్లీ. తండ్రి తిట్టే సీను, ప్రిన్సిపాల్ తిట్టే సీను, ఫ్రెండ్ తిట్టే సీను. మూడింటిలోనూ కుర్రాడు తల దించుకుంటాడు. మూడూ బాగానే తీసి ఉంటారు, అందుకే కోయబుద్ధి కాదు. కాగితం మీద ప్రతి సీనుకీ ఎదురుగా "ఇది అయ్యాక ఏం మారింది" అని ఒక్క వాక్యం రాసుకోండి. రెండు సీన్లకి అదే వాక్యం వస్తే ఒకటి పోవాలి.

మూడోది ఎవరికీ దొరకదు. సెకండాఫ్‌లో విసుగొచ్చిందంటారు గానీ తప్పు ఫస్టాఫ్‌లో ఉంటుంది. స్నేహితులు విడిపోయే సీను జనానికి తగలడం లేదంటే, వాళ్లు ఎంత దగ్గరో చూపించే సీను నిడివి కోసం ఎప్పుడో లేపేసి ఉంటారు. అలాంటప్పుడు కోయడం కాదు, ఫస్టాఫ్‌లో రెండు నిమిషాలు తిరిగి కలపాలి. కలిపాక సినిమా పొట్టిగా అనిపించిందని జనం అంటారు.

ఫారాల్ని ఇలా చదవండి. సీన్ల పట్టిక గోడకి అంటించి, "ఫోన్ తీయాలనిపించింది" అన్న ప్రతి ఫారానికీ ఆ సీను పక్కన ఒక చుక్క పెట్టండి. మూడు గుంపులకీ మూడు రంగులు. యాభైలో నాలుగైదు చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే వదిలేయండి. ఒకేచోట పది దాటితే అక్కడ పని ఉంది. మూడు రంగులూ ఒకేచోట పడితే ఎంత ఇష్టమైన సీనైనా వాదించకండి. తల్లిదండ్రుల రంగు ఒక్కటే ఉండి పిల్లలది లేకపోతే ముట్టుకోవద్దు, అది పిల్లల సీను.

ఒక్కసారే ఇరవై నిమిషాలు కోసేయొద్దు. ఏ మార్పు పనిచేసిందో తెలీదు. మార్చిన కట్‌ని పూర్తిగా కొత్త జనానికే వేయండి, కథ తెలిసినవాడికి విసుగు తొందరగా వస్తుంది.

క్లాప్‌బోర్డ్_కాకినాడ

ముగింపు గురించి. "కలిపేయండి" అన్నవాళ్లని లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, విషాదాంతానికి ఎప్పుడైనా కొందరు అలాగే అంటారు. ఫారంలో ఇలా అడగండి: "ముగింపు చూసి బాధేసిందా, మోసపోయినట్టు అనిపించిందా?" బాధ అని రాసి, "ఫ్రెండ్స్‌కి తప్పకుండా చెప్తా" అని కూడా టిక్ పెట్టినవాళ్లు మీ ప్రేక్షకులే. మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లలో వీళ్లు చాలామంది ఉండొచ్చు. మోసం అన్నవాళ్లు ఎక్కువైతే మాత్రం సినిమా మధ్యలో ఎక్కడో మీరు వేరే మాట ఇచ్చారు.

హాలీవుడ్ టీన్ సినిమాల్లో దీనికి గట్టి ఉదాహరణ 1986 నాటి "ప్రెటీ ఇన్ పింక్". జాన్ హ్యూస్ రాసిన మొదటి ముగింపులో అమ్మాయి చిన్ననాటి స్నేహితుడితోనే ఉండిపోతుంది. టెస్ట్ షోలో జనం ఒప్పుకోలేదు. డబ్బున్న అబ్బాయితో కలిసేలా మళ్లీ తీశారు. ఆ నటుడు ఆండ్రూ మెకార్తీ అప్పటికే ఒక నాటకం కోసం జుట్టు తీయించుకున్నాడు, విగ్గు పెట్టి లాగించారు. ఇప్పుడు చూసినా ఆ విగ్గు తెలిసిపోతుంది. హ్యూస్ మరుసటి ఏడాది "సమ్ కైండ్ ఆఫ్ వండర్‌ఫుల్"లో స్నేహితురాలినే గెలిపించాడు. సినిమా అంతా ఎవరి కోసం ఎదురుచూసేలా చేసిందో, ముగింపు అక్కడికి చేరాలని జనం అడిగారు, అంతే.

మీకు పనికొచ్చే సంగతి ఆ విగ్గు. 16, 17 ఏళ్ల నటులతో రీషూట్ అంటే ఆలస్యం చేయొద్దు. ఆరు నెలల్లో గొంతు మారుతుంది, మీసం వస్తుంది, ఎత్తు పెరుగుతారు. టెస్ట్ షో అయ్యేదాకా యూనిఫాంలు, బ్యాగులు, చెప్పులతో సహా దాచిపెట్టండి, నటుల జుట్టు ముట్టుకోనివ్వకండి.

ఫైనల్‌మిక్స్

సెన్సార్‌కి ముందే చూపించండి. సర్టిఫికెట్ వచ్చాక ఏం కోసినా, ఏం కలిపినా మళ్లీ బోర్డుకి చెప్పుకోవాలి. టికెట్ అమ్మొద్దు, పోస్టర్ వేయొద్దు, పిలిచినవాళ్లే రావాలి.

సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏ సర్టిఫికెట్ వయసును బట్టి మూడుగా విడిపోయింది: 7+, 13+, 16+. ఇవి తల్లిదండ్రులకి సూచనలే, గేటు దగ్గర ఆపరు. "ఏ" సర్టిఫికెట్ వస్తే మాత్రం 18 లోపువాళ్లకి ప్రవేశం లేదు, మీ సినిమా చూడాల్సినవాళ్లే బయట ఉండిపోతారు. కాబట్టి మ్యూట్ పడుతుందనుకున్న ప్రతి మాటకీ ఇంకో మాట ముందే డబ్ చేయించి, ఆ వెర్షన్‌నే టెస్ట్‌కి వేయండి. బూతుకి వచ్చిన నవ్వుని నమ్ముకుని, తర్వాత ఆ చోట నిశ్శబ్దం మిగిలితే సీను కూలిపోతుంది. సిగరెట్ సీను ఉంటే కింద వచ్చే హెచ్చరిక కూడా టెస్ట్ కాపీలోనే పెట్టండి. ఏడుపు సీన్లో ఆ అక్షరాలు ఎంత అడ్డమో అప్పుడే తెలుస్తుంది. చాలామంది సిగరెట్టే తీసేస్తారు.

షోల తేదీలు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా వద్దు. ఇంటర్, టెన్త్ పరీక్షల్లో ఉన్న పిల్లలు దొరకరు, దొరికినా పరీక్షల సీన్లు వాళ్లకి మామూలుకంటే బరువుగా తగులుతాయి, ఆ ఫారాలు లెక్కకి రావు.