నడుము నొప్పి: రోగి నమ్మకానికీ నొప్పికీ సంబంధం ఉంటుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి 61 ఏళ్లు. నిరుటి దాకా పొలం పనులన్నీ స్వయంగా చూసుకునేవారు. నడుము నొప్పికి ఎమ్మారై తీయిస్తే, కింది రెండు డిస్కులు అరిగి కొద్దిగా ఉబ్బాయని రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదనీ, రోజూ నడవమనీ డాక్టరుగారు చెప్పారు. కానీ ఆ కాగితం చూసినప్పటి నుంచి, వంగితే కాళ్లు పడిపోతాయన్న భయం ఆయనకు పట్టుకుంది. కింద పడ్డ తువ్వాలు తీయడానికి కూడా అమ్మను పిలుస్తారు. బెల్టు పెట్టుకోనిదే గడప దాటరు. నొప్పి తగ్గలేదు సరికదా, నడక కూడా తగ్గిపోయింది. "అంతా మీ అనుమానమే" అన్నందుకు మా మీద అలిగారు. జబ్బు గురించి రోగి అనుకునేదాన్ని బట్టి నొప్పి నిజంగా మారుతుందా?

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు):
మారుతుంది. పనులు చేసుకోగలగడం మీద ఆ ప్రభావం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఈ జబ్బు ఏమిటి, ఎందుకొచ్చింది, ఎన్నాళ్లుంటుంది, ఎంత దూరం తీసుకెళుతుంది, దేనితో తగ్గుతుంది అన్న ప్రశ్నలకు రోగి తనకు తానే జవాబులు చెప్పుకుంటాడనీ, వాటిని బట్టే నడుచుకుంటాడనీ అమెరికన్ మనస్తత్వవేత్త హోవర్డ్ లెవెంతాల్ వివరించారు. మీ నాన్నగారి జవాబు ఒక్కటే: ఎముక అరిగింది, కదిలితే ప్రమాదం. అందుకే వంగడం మానేశారు. మానేసిన కొద్దీ కండరాలు బలహీనపడి నడుము బిగుసుకుపోతుంది. ఆపైన కాస్త వంగినా నొప్పెడుతుంది, దాంతో ఆయన భయమే నిజమన్నట్టు తోస్తుంది. రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. నడుము నొప్పే లేనివారి స్కాన్‌లపై 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, 60 ఏళ్లవారిలో 88 శాతం మందికి డిస్కుల అరుగుదల, 69 శాతం మందికి ఉబ్బు ఉన్నాయి. తల నెరవడం లాంటిదే ఇదీ అనుకోవచ్చు.

జవాబు 2 (కీళ్లవాతంతో చాలాకాలంగా ఉన్న వ్యక్తి):
పై వివరణతో ఏకీభవిస్తాను కానీ, ఒక జాగ్రత్త అవసరం. తీవ్రమైన నొప్పి ఉన్నవారికి భయం ఎక్కువగా ఉండటం సహజమే కాబట్టి, రోగులను ఒక్కసారి అడిగి రాసుకున్న జవాబులను చూసి భయం ముందా, నొప్పి ముందా అని తేల్చలేం. నమ్మకం నొప్పిని పెంచుతుందంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు. మీరన్న "అనుమానం" అనే మాట నేనూ ఇంట్లో పడ్డాను. అది విన్నాక మనిషి తన నొప్పిని రుజువు చేసుకునే పనిలోనే పడతాడు. అలాగే కాలిలో బలం తగ్గుతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబు 3:
నమ్మకాలను మార్చడం సాధ్యమేననడానికి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం మంచి ఉదాహరణ. నడుము నొప్పి వస్తే మంచం పట్టవద్దనీ, పనులు కొనసాగించమనీ 1997 నుంచి అక్కడ టీవీలో విస్తృతంగా ప్రచారం చేశారు. ప్రజల అభిప్రాయాలే కాదు, వైద్యుల అభిప్రాయాలూ మారాయి, నడుము నొప్పి పేరిట ఉద్యోగులు పెట్టుకునే పరిహారపు దరఖాస్తులూ తగ్గాయి. ఇంట్లో మీరు వాదనకు దిగకండి. ముందు కుర్చీలో కూర్చుని మోకాళ్ల కిందికి చేతులు చాపమనండి, అది అలవాటయ్యాక స్టూలు మీది చెంబు తీయమనండి. ప్రతిసారీ ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నారో ముందే అడిగి, చేశాక నిజంగా ఎంత వచ్చిందో ఆయన నోటితోనే చెప్పించండి. ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు, వంగవచ్చా, బెల్టు ఎప్పుడు తీసేయవచ్చు అన్న రెండు ప్రశ్నలను మీరు కాకుండా ఆయన్నే అడగనివ్వండి.