మంచి మడుపా, మంచి మడుగా?

కదిరి మల్లె:
సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా అమ్మవాళ్ల ఊరికి వెళ్లేసరికి, ఏడో తరగతి చదువుతున్న మా అక్క కూతురు పంచలో చాప మీద కూర్చుని, కంచమూ చెంబూ పక్కన పెట్టుకుని, వేమన పద్యం వల్లె వేసుకుంటోంది. "చాకివాడు కోక చీకాకు పడజేసి" అని అక్కడ ఆగిపోతోంది. పుస్తకం నడింట్లో ఉంది. ఆ మూడు రోజులూ ఆ పిల్ల లోపలికి రాకూడదు, పుస్తకం సరస్వతి కాబట్టి బయటికి ఇవ్వనూ కూడదు. నేను "మైల తీసి లెస్స మడిచినట్లు" అని అందించాను. లోపలినుంచి మా అమ్మ "అది కాదు, మైల బుచ్చి మంచి మడుగు జేయు" అని దిద్దింది. నేను చదువుకున్న రోజుల్లో "మంచి మడుపు జేయు" అని కూడా విన్న గుర్తు ఉంది. తీసి, బుచ్చి తేడా నాకు పెద్దగా పట్టింపు లేదు కానీ, ఆ పు, గుల మధ్య మాత్రం మనసు ఆగిపోయింది. ఏది సరైన పాఠం?

గండికోట:
అమ్మా, ఛందస్సు ఈ తగాదాను తీర్చదు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మడుపు అన్నా మడుగు అన్నా నగణమే, యతి మకారానికే కాబట్టి అదీ చెదరదు. తీసి, బుచ్చి రెండూ హగణాలే. ఇక అర్థమే దిక్కు. మడుపు అంటే మడత. ఆకుమడుపు అంటాం కదా. నలిగి చీకాకు పడిన కోక చివరికి చక్కని మడతగా తేలితేనే, పద్యం తర్వాతి పాదంలో వచ్చే, గుద్ది బుద్ధి చెప్పేవాడితో పోలిక కుదురుతుంది. మీ అమ్మగారిది వినికిడి పొరపాటు.

ధర్మవరం పడుగు:
అయ్యవారూ, మన్నించాలి. అడుగులకు మడుగులొత్తడం అన్న పలుకుబడిలోని మడుగులు నీటిగుంటలు కావు, నడిచే దారిలో పరిచే ఉతికిన తెల్లబట్టలు. మా మగ్గాల వీధిలో సగం ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. కన్నడంలో మడి అంటే ఉతికిన బట్ట, ఆ బట్ట ఉతికేవాడు మడివాళ. పన్నెండో శతాబ్దపు శివశరణుడు మడివాళ మాచిదేవుడి పేరులో ఉన్నది ఆ మాటే. కాబట్టి మడుగు, మడి ఒక కుదురు మాటలనీ, మడి అనేది మొదట చాకిరేవులో పుట్టి తర్వాతే పూజగదికి ఎక్కిందనీ నా అభిప్రాయం. చాకివాడు చేసేది మడుగే.

గండికోట:
ఊహ బాగుంది కానీ ఆచారం ఒప్పుకోదు. మడి పాటించే ఇళ్లలో చాకలి ఉతికి తెచ్చిన బట్ట మడికి పనికిరాదు. ఇంట్లో మళ్లీ జాడించి, దండెం మీద ఎవరికీ తగలకుండా ఆరేసి, కర్రతో తీసుకుని కట్టుకోవాలి. కాబట్టి చాకివాడు చేసేది మడుపు అయితే కావచ్చు, మడి కాజాలదు.

ధర్మవరం పడుగు:
ఆ ఆచారాన్ని వేమన ఒప్పుకున్నాడని మీకెవరు చెప్పారు? "ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల" అన్నవాడు, ఆచారం మైల అన్న చేతులతోనే మడుగు చేయించాడంటే అది వేమన పద్ధతే అవుతుంది. ఇంకొక మాట. మేము నేసే పట్టుచీర నూలు వడికినవాళ్ల చేతులూ, రంగు అద్దినవాళ్ల చేతులూ, మగ్గం మీద మావీ, అంగడిలో ఇంకెందరివో దాటి వెళుతుంది. కానీ పట్టుకు మైల లేదంటారు. అంతమంది ముట్టుకున్న పట్టు మడి అయినప్పుడు, పంచలో కూర్చున్న ఆ బిడ్డ తన పాఠ్యపుస్తకాన్ని ముట్టుకుంటే ఏమి మైల అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొండారెడ్డి బురుజు:
మీరిద్దరూ మడుపు దగ్గర తిరుగుతున్నారు కానీ, ఈ పద్యంలో అసలు చిక్కు మైల అన్న మాటలో ఉంది. మలినం ప్రాకృతంలో మఇల అయి మనకు మైలగా దిగింది. అప్పుడు దాని అర్థం మురికి మాత్రమే. వేమన పద్యంలోనూ అంతే, బండకేసి కొడితే పోతుంది. చావు మైల, పురిటి మైల, ముట్టు మైల అన్నప్పుడు మాత్రం మురికితో పని లేదు, రోజుల లెక్కతోనే పని. స్నానం చేసినా పోదు, సబ్బు పెట్టినా పోదు, రోజులు తీరాలి. అందులోనూ చావు మైల ఇంటిల్లిపాదికీ వచ్చి పోతుంది, ఆ తర్వాత ఎవరినీ దానితో గుర్తుపెట్టుకోరు. ఆడపిల్లకు మాత్రం నెలనెలా ఆమె ఒంటికే అంటగడతారు.

నా సంగతే చెబుతాను. పదమూడో ఏట, ఉగాది ముందురోజు, పండుగ పూట బయట కూర్చోవలసి వస్తుందని ఎవరికీ చెప్పకుండా దాచాను. రెండు రోజులు దేవుని గూటి ముందే తిరిగాను, పచ్చడి కలిపాను. ఆ వారమే మా తమ్ముడికి జ్వరం తగిలి వదలలేదు. అది నా వల్లే వచ్చిందని మా అమ్మకు చెప్పలేక, దేవునికి క్షమాపణ చెప్పుకుంటూ పెళ్లీడు దాకా భయపడ్డాను. ఏ పెద్దలూ నన్ను తిట్టలేదు, ఆ ఒక్క మాటే ఆ పని చేసింది. అందువల్ల పాఠాంతరం ఏదైనా, బడిలో ఈ పద్యం చెప్పే పంతుళ్లు మైల అంటే మురికి అని ఒక్క ముక్క విడమరచి చెబితే బాగుంటుందని నా కోరిక.

తాళ్లపాక దారి:
మా కడప జిల్లావాళ్లం భాగవతం లేకుండా మాట్లాడలేం. ఇంద్రుని బ్రహ్మహత్యాపాపం స్త్రీలకు రజస్సుగా వచ్చిన కథను మా ఒంటిమిట్ట పోతన ఆరో స్కంధంలో చెప్పాడు. ఈ ఆచారానికి మూలం అక్కడ ఉంది కనుక వేమన మాటను దానితో కలిపి చూడాలి.

గండికోట:
ఆరో స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగనది. ఒంటిమిట్ట సంగతి ఇప్పుడు ఎత్తితే పోతన మావాడంటూ ఓరుగల్లువారు వస్తారు, వదిలేయండి.

తాళ్లపాక దారి:
సింగనది అని నాకూ తెలుసు, భాగవతం మొత్తాన్ని పోతన పేరుతో చెప్పడం లోకరీతి.

కొండారెడ్డి బురుజు:
ఎవరు రాసినా ఆ కథను పూర్తిగా చదవండి. పాపం నాలుగు పాళ్లయింది. భూమికి చవుడుగా, చెట్లకు జిగురుగా, నీళ్లకు నురుగుగా, స్త్రీలకు రజస్సుగా వెళ్లింది. నలుగురికీ తలొక వరం కూడా దక్కింది. పాపంలో పాలు పంచుకున్న ఆ నీళ్లతోనే మనం మడి కట్టుకుంటున్నాం, ఆ చెట్టు కిందే పొంగళ్లు పెడుతున్నాం. నాలుగో పాలు మాత్రమే పంచలో కూర్చోవాలట. ఈ కథను ఆధారంగా తెచ్చేవారు ముందు నురుగు వచ్చిన బిందెను బయట పెట్టి అప్పుడు మాట్లాడాలి.

ధర్మవరం పడుగు:
మాట మీద మాట వచ్చింది కనుక ముట్టు గురించి కూడా చెబుతాను. డబ్బు ముట్టింది అంటే అందరికీ సంతోషమే. పొయ్యి ముట్టించాలి, బీడీ ముట్టించాలి. పనిముట్టు లేకపోతే మా మగ్గమే నడవదు. ఇన్ని చోట్ల చేతికి అందడాన్నీ, తాకడాన్నీ చెప్పే మాట ఒక్క ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి తాకకూడనిదై తలకిందులైంది. మా కన్నడం ఇళ్లలో దాన్ని కాకి మీదికి నెట్టి, కాకి ముట్టింది అంటారు. చిన్నపిల్లలు నిజంగానే కాకి తగిలిందేమో అనుకుని, ఎగిరే కాకిని చూసి తల దాచుకుంటారు.

కదిరి మల్లె:
అంటు కూడా అంతే కదా. అంటుకట్టిన మామిడి మంచిదే, అంట్లు తోముకుంటే చాలు, అంటరానితనం మాత్రం రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేయవలసి వచ్చింది. 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పులో న్యాయమూర్తి చంద్రచూడ్ తన అభిప్రాయంలో, రుతుస్రావం పేరుతో స్త్రీలను దూరం పెట్టడం కూడా అంటరానితనపు రూపమేనని ఆ అధికరణం కిందికే తెచ్చారు. ఆయన ఆంగ్లంలో వాదించి కలిపిన రెండింటినీ తెలుగు ఏనాడో అంటు అనే ఒక్క ధాతువులో పెట్టేసిందని అప్పుడు అనిపించింది. మన ప్రభుత్వ బడులలో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నాప్కిన్లు ఇవ్వడానికి 2021లో పెట్టిన పథకానికి స్వేచ్ఛ అని పేరు పెట్టారు. ముట్టు, అంటు, మైల, బహిష్టు, దూరం, కడగా ఉండడం అన్న మాటల బంధువర్గంలో ఎక్కడా లేని పేరు అది. మా పిల్ల సంచిలో ఆ పొట్లం ఉంది. సంచి మాత్రం గుంజకు తగిలించి ఉంది, గోడకు తగలకుండా.

గండికోట:
విషయం దారి తప్పుతోంది. బహిష్టు అన్న మాట బహిః, స్థ కలిసి వచ్చింది కాబట్టి దానికి బయట ఉన్నది అనే అర్థం, అందులో దోషం లేదు.

కొండారెడ్డి బురుజు:
బయట ఉన్నది కాదు అయ్యవారూ, బయట ఉంచబడినది. స్థ దగ్గర మీరు కర్తను మార్చేశారు.

గండికోట:
వ్యుత్పత్తిలో లేని ణిజంతాన్ని, అంటే చేయించడాన్ని చెప్పే రూపాన్ని, మీరు తెస్తున్నారు. సరే, అది వేరే చర్చగా పెట్టండి, సమాధానం చెబుతాను. వేమన పద్యాలు నోళ్లలో, తాటాకుల్లో తిరిగినవి. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించే ముందు ప్రతులు పోగుచేసి పండితుల చేత పోల్చి చూపించుకోవలసి వచ్చిందంటేనే పాఠాలు ఎంత చెదిరి ఉన్నాయో తెలుస్తుంది. మీ అమ్మగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కుంటే మడుగు ఏ ఊరి పాఠమో తేలుతుంది.

కదిరి మల్లె:
అడిగాను. మా అమ్మకు తన మేనత్త చెప్పిందట. ఆమె బడికి వెళ్లలేదు. పన్నెండేళ్లకే సమర్తాడి, పద్నాలుగో ఏట కాపురానికి వెళ్లి, నెలకు మూడు రోజులు గొడ్లచావిడి పక్క గదిలో కూర్చున్నప్పుడు అక్కడ పని చేసుకునే ముసలాయన పాడగా విని నేర్చుకుందట. ఆ ముసలాయన చాకలి అట.

ధర్మవరం పడుగు:
అయితే మడుగే.

గండికోట:
ఒక్క మౌఖిక సాక్ష్యంతో పాఠనిర్ణయం జరగదు. ఆయన మడుపు అని ఉంటే, ఆమె మడుగు అని విని ఉండవచ్చు. గోడ అడ్డం కదా.

తాళ్లపాక దారి:
ఇంతకూ ఆ పాప బడిలో ఏ పాఠం అప్పజెప్పింది?

కదిరి మల్లె:
అయిదో రోజు తలంటుకుని వెళ్లింది. పద్యాలు అప్పజెప్పించుకోవడం మంగళవారమే అయిపోయిందట. కడుపునొప్పి అని చీటీ రాసుకుని వెళ్లింది కాబట్టి, "నన్నెవరూ అడగలేదు చిన్నమ్మా" అంది. గండికోట గారూ, తీసి, బుచ్చి సంగతి మీరు ఇంకా చెప్పలేదు.

గండికోట:
బుచ్చి. పుచ్చు అంటే తొలగించు. దాని మీద రేపు వివరంగా రాస్తాను.