అప్‌డేట్: ‘ఘాజీ’లో కెప్టెన్ ఎవరో తేలింది

1971 యుద్ధ నేపథ్యంలో వచ్చిన ‘ఘాజీ’లో (2017) మన జలాంతర్గామి కెప్టెన్‌గా ఎవరు నటించారని పోయిన వారం అడిగాను. మీ సలహా మేరకు ఆదివారం కూకట్‌పల్లిలో మా బావగారింట్లో సినిమా మళ్ళీ వేసుకుని, పేర్లను ఆపి ఆపి చదివాము. కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్‌గా నటించినవారు కె.కె. మేనన్, ఇన్నాళ్ళూ రానా అని వాదించిన నేను ఓడిపోయాను, ఆయనది అర్జున్ వర్మ పాత్ర. దేవరాజ్‌గా అతుల్ కులకర్ణి నటించగా, తెలుగు వ్యాఖ్యానానికి చిరంజీవి గొంతు ఇచ్చారు. సంకల్ప్ రెడ్డికి దర్శకుడిగా ఇదే తొలి చిత్రమైనా, ఆ ఇరుకు గదుల్లో ఊపిరాడనివ్వని ఉత్కంఠలో సగం ఘనత మది ఛాయాగ్రహణానిది, శ్రీకర్ ప్రసాద్ కూర్పుది అని నాకనిపించింది. పందెం ప్రకారం బావగారికి బిర్యానీ బాకీపడ్డాను.