అప్‌డేట్: ఇంటి శాండ్‌విచ్ ఖర్చు లెక్క తేలింది

ఇంట్లో చేసే శాండ్‌విచ్ ఒక్కోటి ఎంత పడుతుందో ఎలా లెక్కేయాలని అడిగాను కదా, మీరు చెప్పినట్టే అన్నీ తూకం వేశాను. బ్రెడ్ సులువే, ప్యాకెట్ ధరని ముక్కల సంఖ్యతో భాగించి రెండింతలు చేస్తే సరి, కాకపోతే మా ఇంట్లో ఎవరూ తినని చివరి ముక్కల్ని వదిలేసి భాగించాను. బటర్‌కి మాత్రం మీ చిట్కా అద్భుతం: డబ్బాని స్కేలు మీద పెట్టి సున్నా చేసి, కావలసినంత తీస్తే ఎంత వాడామో మైనస్‌లో కనిపిస్తుంది. ఒక్కోదానికి 10 గ్రాములైతే 200 గ్రాముల డబ్బా 20 శాండ్‌విచ్‌లకి వస్తుంది. టమాటా, కీరాకి కొన్న మొత్తం ధరని తొక్కలు, తొడిమలు పోగా మిగిలిన బరువుతోనే భాగించాలి. నాకు ఎక్కువ పడింది చీజ్‌కే, బ్రెడ్‌కి కాదు! బూజు పట్టి పారేసిన బ్రెడ్ ముక్కల ఖర్చుని కూడా ఆ ప్యాకెట్‌తో చేసిన శాండ్‌విచ్‌ల మీదే పంచుతున్నాను. అందరికీ చాలా థాంక్స్.