పొలిమేర, సరిహద్దు, ముయ్యలికుట్టు

పొలిమేరా సరిహద్దూ ఒకటే కదా అని నిన్న ఒకరు అడిగారు. కందుకూరు వైపు మా ఊళ్లో ఆ రెండింటినీ కలిపేయరు. చేనుకీ చేనుకీ మధ్య ఉండేది హద్దు, ఊరికీ ఊరికీ మధ్య ఉండేది పొలిమేర. మగపెళ్లివారికి పొలిమేర దాకా ఎదురెళ్తాం, సరిహద్దు దాకా కాదు. 1970లో కందుకూరు నెల్లూరు నుంచి విడిపోయి ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. రెండుసార్లూ జిల్లా సరిహద్దు మారిందనే అన్నాం. పొలిమేర మారిందని ఎవరి నోటా రాలేదు.

సరిహద్దు పారసీ 'సర్‌హద్' నుంచి వచ్చింది. 'సర్'ని మనవాళ్లు 'సరి' చేసుకున్నారు, అంతే. పొలిమేరలోని మేర ఇప్పటికీ రోజూ వాడేదే: 'చెప్పిన మేరకు', 'ఈ మేరకు ఉత్తర్వులు'. మొదటి సగం మీదే వాదన. జాతరలో ఊరి చుట్టూ పొలి (బలి అన్నం) చల్లుతారు కాబట్టి ఆ పొలే ఇది అనేవాళ్లున్నారు. నేను పొలం వైపే మొగ్గుతాను. శాసనాల్లో ఊరి ఎల్లకి 'పొలగరుసు' అనే మాట ఉంది, గరుసన్నా ఎల్లే. అక్కడా ముందున్నది పొలమే.

అసలు నేను రాయాలనుకున్నది ముయ్యలికుట్టు గురించి. మూడు ఊళ్ల పొలాలు కలిసే చోటు. తూర్పు చాళుక్యుల దానశాసనాల్లో ఫలానా చింతచెట్టు, ఫలానా పుట్ట, ఫలానా చెరువు అని దిక్కుదిక్కునా ఎల్లలు చెప్పుకుంటూ పోతూ ఈ మాట వాడారు. ఎంత మంచి మాట!

భూముల రీసర్వేకి వచ్చినాయన మా చేలో రోవర్ (ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే పరికరం) పట్టుకుని "ట్రైజంక్షన్ రాయి ఎక్కడుందండీ?" అని అడిగాడు. మా నాయనకి అర్థం కాలేదు. "మూడూళ్ల రాయా? ఇట్టా రా" అని తుమ్మచెట్టు కిందకి తీసకపోయి, కాలితో మన్ను పక్కకి తోశాడు. మోకాలెత్తు రాయి, ముప్పాతిక పూడిపోయి ఉంది. కండువాతో తుడిస్తే తలమీద గంట్లు కనబడ్డాయి.

మూడూళ్ల రాయి కూడా చక్కటి మాటే, కానీ అది రాయికి పేరు. ఆ చోటుకి పేరు మా ఊళ్లో ఇప్పుడు లేదు. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు పెద్దవాళ్లని కాస్త అడిగి చూడండి. ముయ్యలి అన్న ముక్క ఏ చేని పేరులోనైనా, ఏ గుట్ట పేరులోనైనా మిగిలి ఉంటే ఇక్కడ రాయండి.